సైకిల్ తొక్కేవాళ్లకి పదేపదే వచ్చే నడుం నొప్పి, తుంటి నొప్పి: తరచుగా అడిగే ప్రశ్నలు

2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత పెట్రోలు బంకు దగ్గర క్యూలో నిలబడలేక మా మావయ్యగారి పాత సైకిల్ బయటికి తీశాను, అలా మొదలైంది, ఇప్పటికీ ఆపలేదు. తర్వాత గేర్ల సైకిలొచ్చింది, భీమిలి రైడ్లొచ్చాయి, వాటితోపాటే నడుం నొప్పీ వచ్చింది, ఇంకో రెండేళ్లకి కుడి తుంటి కూడా నేనూ ఉన్నానంది. ఎన్నిసార్లు తగ్గిందో అన్నిసార్లూ మళ్లీ వచ్చింది. నేను డాక్టర్ని కాను, కోచ్‌ని కూడా కాను. కానీ పొద్దున్నే వైజాగ్ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కలిసేవాళ్లలో ఎవరికి నడుం పట్టేసినా "ఆయన అన్నీ పడ్డాడు, ఆయన్నడుగు" అని నా మీదికి తోసేస్తారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

సైకిల్ తొక్కితే నడుం పాడైపోతుందా?

పాడవదు, కానీ నొప్పి రావడం మాత్రం చాలా మామూలు. 2010లో నార్వే రీసెర్చర్లు 109 మంది ప్రొఫెషనల్ రోడ్ సైక్లిస్టుల్ని అడిగితే 58 శాతం మంది గడిచిన ఏడాదిలో నడుం నొప్పి వచ్చిందన్నారు, మోకాలి నొప్పి దానికంటే తక్కువే, 36 శాతం. వాళ్లకి సైకిల్ సెట్ చేసేవాళ్లు, మసాజ్ చేసేవాళ్లు, డాక్టర్లు అందరూ వెంటే ఉంటారు, అయినా వచ్చింది. మనకి రావడంలో వింతేముంది.

సైకిల్ మీద నడుం చేసే పనేంటో తెలిస్తే సగం అర్థమైపోతుంది. గోడకి సున్నం వేసేటప్పుడు ఒకడు నిచ్చెనెక్కుతాడు, ఒకడు కింద పట్టుకుంటాడు కదా, కాళ్లు పైనున్నవాడు, నడుం కింద పట్టుకున్నవాడు. కిందవాడికి ఓపిక అయిపోతే పైవాడు ఊగుతాడు. నిమిషానికి 80 చుట్ల లెక్కన రెండు గంటలు తొక్కితే ఒక్కో కాలు 9,600 సార్లు తొక్కుతుంది, అన్నిసార్లూ నడుం కదలకుండా పట్టుకోవాలి, అదీ వంగి. గంటన్నర దాకా పట్టుకునే నడుంతో మనం మూడు గంటలు తొక్కుతాం, తిరిగొచ్చి సైకిల్‌ని తిట్టుకుంటాం.

నాది తుంటి నొప్పా, నడుం నొప్పా?

ఇది చాలామంది తప్పుగా చెప్తారు, నేనూ చెప్పాను. మనవాళ్లు తుంటి అని వెనక పిర్ర మీద చెయ్యి వేసి చూపిస్తారు, నిజానికి తుంటి కీలు ఉండేది లోపల ముందువైపుకి, ఆ కీలులో తేడా ఉంటే నొప్పి ఎక్కువగా గజ్జల్లో తెలుస్తుంది. మోకాలు ఛాతీ వైపు లాక్కుని కొంచెం లోపలికి తిప్పితే గజ్జల్లో చురుక్కుమంటే అనుమానించాల్సింది ఆ కీలునే. పక్కన, ప్యాంటు జేబు దగ్గర ఎముక తగులుతుంది కదా, అక్కడ నొక్కితే నొప్పి, ఆ పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి అంటే అది సాధారణంగా తుంటి పక్క కండరాల, వాటి స్నాయువుల గొడవ. వెనక పిర్రలో నొప్పి చాలాసార్లు నడుం నుంచి దిగొచ్చిందే. అది తొడ వెనకనుంచి మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో లాగితే, తిమ్మిరెక్కితే నరం మీద ఒత్తిడి పడుతుండొచ్చు, సయాటికా అంటారు దాన్ని.

రెండూ కలిసి రావడం కూడా మామూలే. సోయాస్ అని ఒక కండరం ఉంది, అది నడుం వెన్నుపూసల దగ్గర మొదలై తుంటి కీలు ముందునుంచి దిగి తొడ ఎముకకి అతుక్కుంటుంది. తుంటి మడిచేది అదే. ఆఫీసులో కుర్చీలో ఎనిమిది గంటలు మడిచి, సైకిల్ మీద ఇంకో రెండు గంటలు మడిచి, లేచి నిలబడేసరికి అది వదలదు, నడుం పట్టుకుని ముందుకి గుంజుతున్నట్టుంటుంది.

తగ్గిపోయిందనుకున్నాక మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది?

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను. నొప్పి తగ్గడం వేరు, నడుం బాగవడం వేరు, అంతే. నా మొదటి నాలుగేళ్లు ఇలా గడిచాయి: నడుం పట్టేస్తుంది, రెండు మూడు వారాలు సైకిల్ గోడకి ఆనించేస్తాను, మందుబిళ్లలు వేసుకుంటాను, తగ్గిపోతుంది, తగ్గిన మొదటి ఆదివారమే ఫ్రెండ్స్‌తో భీమిలి వెళ్లి వచ్చేస్తాను, వెళ్లిరావడం 50 కిలోమీటర్ల పైమాటే, మంగళవారానికి మళ్లీ పట్టేస్తుంది. నేనేమో ఈ సీటు పడట్లేదు అనుకునేవాణ్ణి. మూడు సీట్లు మార్చాను బాబూ, ఒకటి ఇప్పటికీ అటక మీదే ఉంది.

అసలు జరిగిందేంటంటే రెస్టులో నొప్పి పోయింది కానీ నడుం బలం కూడా కొంచెం పోయింది, వెనక్కొచ్చినప్పుడు నేను వెళ్లేటప్పటి మనిషిని కాను, దూరం మాత్రం అదే. ప్రతిసారీ ఒక మెట్టు కిందనుంచి మొదలెట్టి అదే ఎత్తుకి ఎగిరేవాణ్ణి. దీనికి నేను కనిపెట్టిన మందు, అంటే మా ఫిజియో కనిపెట్టి నేను ఒప్పుకోడానికి ఏడాది తీసుకున్న మందు ఏంటంటే, పట్టేసినప్పుడు పూర్తిగా ఆపకుండా బాగా తగ్గించడం, తగ్గాక నెలరోజుల్లో మెల్లగా పెంచడం, నొప్పి లేని రోజుల్లో కూడా వ్యాయామం మానకపోవడం. మూడోది అందరూ ఎగ్గొట్టేది. నొప్పుంటేనే వ్యాయామం అంటే వర్షం వచ్చినప్పుడే కప్పు వేసుకోవడం లాంటిది.

ఇంకోటి, ఒక పాకెట్ నోట్‌బుక్ పెట్టుకోండి. ఎంత దూరం, గాలి ఎటు, ఎక్కడ నొప్పి మొదలైంది, ముందురోజు ఏం చేశాను, ఇంతే. ఆరు నెలలు రాస్తే నాకు తెలిసిందేంటంటే నా నొప్పుల్లో సగం పైన, ముందురోజు ఇంట్లో ఏదో మోసినప్పుడో, రాత్రంతా బస్సులో కూర్చున్నప్పుడో వచ్చినవి. సైకిల్ మీద బయటపడ్డాయి అంతే.

సీటు ఎత్తు ఎంత ఉండాలి?

చెప్పుల్లేకుండా సైకిల్ ఎక్కి గోడ పట్టుకోండి, మడమ పెడల్ మీద పెట్టి పెడల్‌ని పూర్తిగా కిందకి తిప్పండి, కాలు సరిగ్గా నిటారు అవ్వాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి అప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, కింద పాయింట్ దగ్గర 25 నుంచి 35 డిగ్రీల మధ్య వంపు ఉంటే మంచిదంటారు. లెక్కలు ఇష్టమైనవాళ్లు గోడకి ఆనుకుని, రెండు కాళ్ల మధ్య పుస్తకం గట్టిగా పైకి నొక్కి, నేలనుంచి పుస్తకం అంచు దాకా కొలిచి 0.883తో గుణించండి, 80 సెంటీమీటర్లు వస్తే 70.6. రెండు పెడళ్ల కడ్డీలు తిరిగే మధ్య ఇరుసు (బాటమ్ బ్రాకెట్) నడిమినుంచి సీటు పైదాకా అంత. అది మొదలెట్టడానికే, అక్కడే మేకు కొట్టేయక్కర్లేదు.

సీటు ఎత్తెక్కువైతే కింద పెడల్ అందక నడుం అటూ ఇటూ ఊగుతుంది, వెనకనుంచి ఒక ఫ్రెండ్‌ని ఫోన్లో వీడియో తియ్యమనండి, కనబడిపోతుంది. నడుం నొప్పికి, తుంటి పక్క నొప్పికి ఇది పెద్ద కారణం. మరీ తక్కువైతే మోకాళ్ల ముందుభాగంలో నొప్పి, పైన గజ్జలు మడతపడి నొక్కుకుపోవడం.

మన ఊళ్లో దీనికి ఇంకో మెలిక ఉంది. సముద్రం గాలికి సీటు కింద క్లాంపు, బోల్టు తుప్పు పట్టేస్తాయి, బిగించాం అనుకుంటాం కానీ పట్టు ఉండదు, సీటు రోజుకింత దిగిపోతుంది. నాది ఒకసారి మూడు వారాల్లో సెంటీమీటరున్నర దిగిపోయింది, నాకు తెలీదు, తుంటికి ఏదో అయిపోయిందని స్కానింగ్ దాకా వెళ్లొచ్చాను. అప్పటినుంచి సీటు పైపు మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ఒక చుట్టు చుట్టి గుర్తు పెట్టుకున్నాను. పది రూపాయల పని.

సీటు ముక్కు, హ్యాండిల్ సంగతేంటి?

సీటు ముక్కు పైకి లేచి ఉంటే నడుం వెనక్కి గుండ్రంగా అయిపోతుంది. 1999లో ఇజ్రాయెల్‌లో కొందరు డాక్టర్లు నడుం నొప్పి ఉన్న సైక్లిస్టుల సీట్లని ముందుకి వంచి చూస్తే ఎక్కువమందికి నొప్పి తగ్గింది, వాళ్లు వంచింది 10 నుంచి 15 డిగ్రీలు. అంత వంచితే మాత్రం నేను జారిపోయి చేతుల మీద పడ్డాను, అరచేతులు తిమ్మిరెక్కాయి. ఫోన్లో లెవెల్ యాప్ పెట్టుకుని సమానంగా మొదలెట్టి, ఒకటి నుంచి మూడు డిగ్రీలు దించి చూడండి, చాలామందికి అది సరిపోతుంది.

హ్యాండిల్ దూరం ఎక్కువైతే మాత్రం సీటు ఎంత సర్దినా లాభం లేదు. నా మొదటి గేర్ సైకిల్ ఫ్రేము ఒక సైజు పెద్దది, షాపువాడు "ఇదే ఉంది సార్, అలవాటైపోద్ది" అన్నాడు, అలవాటైంది నడుం నొప్పి. హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే స్టెమ్ 100 మిల్లీమీటర్లది తీసి 80ది వేయిస్తే, కింద రెండు వాషర్లు వేసి హ్యాండిల్ పైకి లేపితే చాలావరకు సర్దుకుంది. కింద డ్రాప్స్, అంటే హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని వంగితే స్టైలుగానే ఉంటుంది గానీ, నేలమీద నిలబడి మోకాళ్లు వంచకుండా చేతులు పిక్కల సగానికి కూడా అందనివాళ్లకి ఆ పొజిషన్ ఎందుకు చెప్పండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. సీటు, హ్యాండిల్, బూట్ల అడుగున పెడల్‌కి తగులుకునే క్లీట్లు అన్నీ ఒకే సాయంత్రం మార్చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో దేవుడికే తెలియాలి. కనీసం మూడు నాలుగు రైడ్లు చూడండి.

పెడల్ పైకొచ్చినప్పుడు గజ్జల్లో పొడుస్తోంది, ఏం చెయ్యాలి?

కొందరికి పుట్టుకతోనో ఎదిగే వయసులోనో తుంటి బంతి, గిన్నె ఆకారంలో కొంచెం తేడా ఉంటుంది, బాగా మడిస్తే ఎముకకి ఎముక తగులుతుంది. డాక్టర్లు ఇంపింజ్‌మెంట్ అంటారు. వీళ్లకి నేలమీద గొంతుక్కూర్చోవడం, పీట మీద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ కూడా ఇబ్బందే, అది గుర్తు పట్టడానికి పనికొచ్చే విషయం. స్ట్రెచింగ్ చేసి మోకాలు ఇంకా బలవంతంగా లాగితే నొప్పి పెరుగుతుంది తప్ప తగ్గదు, నేను ఆరు నెలలు ఆ తప్పే చేశాను.

సైకిల్ మీద చెయ్యాల్సింది పైన మడత తగ్గించడం. హ్యాండిల్ కొంచెం పైకి లేపితే తగ్గుతుంది. ఇంకో దారి క్రాంక్, అంటే పెడల్ బిగించే కడ్డీ, చిన్నది చెయ్యడం. 172.5 తీసి 165 మిల్లీమీటర్లది వేశారనుకోండి, పైన పెడల్ ఏడున్నర మిల్లీమీటర్లు దిగుతుంది, కింద కాలు చాలడానికి సీటు ఏడున్నర లేపుతారు, మొత్తం మీద తుంటి దగ్గర 15 మిల్లీమీటర్లు ఖాళీ వస్తుంది. వినడానికి చిన్నదే. నాకు సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు వచ్చే పోటు దీంతోనే పోయింది. మన దగ్గర షాపుల్లో 165 దొరకడం తక్కువ, తెప్పించుకోవాలి.

భీమిలి వెళ్లేటప్పుడు ఏమీ ఉండదు, తిరిగొచ్చేటప్పుడే నడుం పోతోంది, ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే, జవాబు గాల్లో ఉంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఉంటుంది, ఎండాకాలం, వానాకాలం నైరుతి గాలి ఎక్కువ. అంటే భీమిలి వెళ్లేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, మనమేమో ఈరోజు కాళ్లు భలే ఆడుతున్నాయి అనుకుంటాం, ఎర్రమట్టి దిబ్బలు ఎప్పుడు దాటామో తెలీదు. తిరుగుప్రయాణంలో అదే గాలి ఎదురు, వంగిపోయి, పెద్ద గేరులో బలంగా తొక్కుతూ, ఋషికొండ దగ్గరికొచ్చేసరికి నడుం ఇటుకలా అయిపోతుంది. పైగా అప్పటికి ఎండ, ఉక్కపోత, మంచినీళ్లు అయిపోయి ఉంటాయి.

గేరు ఒకటి రెండు తగ్గించి నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిప్పండి, ఒక్కో తొక్కుడులో బలం తగ్గితే నడుం మీద బరువు తగ్గుతుంది. ప్రతి పదీ పదిహేను నిమిషాలకి సీటు మీదనుంచి లేచి ఇరవై సెకన్లు నిలబడి తొక్కండి, నడుం వెనక్కి వంచండి. తొట్లకొండ దగ్గర ఒక టీ ఆపడం తప్పేమీ కాదు. గాలి బాగా ఉన్న నెలల్లో నేనైతే ముందు ఎదురుగాలిలోకే, అంటే స్టీల్ ప్లాంటు వైపు వెళ్లి, గాలి తోస్తుండగా ఇంటికి వస్తాను. ట్రాఫిక్ గోల ఉంటుంది, గాజువాక దాటాలంటే ఐదింటికే బయల్దేరాలి.

పొద్దున్న లేవగానే తొక్కడం మంచిదేనా?

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున్న మనం సెంటీమీటరు పైనే ఎత్తుంటాం. ఉబ్బిన డిస్కు మీద ముందుకి వంగితే ఒత్తిడి ఎక్కువ పడుతుంది, లేచిన మొదటి అరగంట, గంట నడుం బిగుసుకుని ఉండేది అందుకే. మనం చేసేదేంటి, నాలుగున్నరకి అలారం, పావుగంటలో బూట్లు కట్టుకోడానికి ఒంగి, టైర్లలో గాలి కొట్టడానికి ఒంగి, సైకిల్ భుజాన వేసుకుని మూడు అంతస్తులు దిగి, నేరుగా హ్యాండిల్ మీదికి. ఆ టైములో బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు కాబట్టి మానుకోమనలేను. గాలి రాత్రే కొట్టి పెట్టుకోండి, బూట్లు కుర్చీలో కూర్చుని కట్టుకోండి, లేచాక ఇంట్లో ఓ పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరగండి, కాఫీ పెట్టుకోండి, మొదటి ఐదు కిలోమీటర్లు నిటారుగా కూర్చుని తేలిక గేరులో తొక్కండి.

నొప్పి ఉన్నప్పుడు తొక్కొచ్చా?

సున్నా నుంచి పది దాకా లెక్కేసుకోండి. మూడు లోపు ఉండి, తొక్కేటప్పుడు పెరక్కుండా, మర్నాడు పొద్దున్నకి మామూలు స్థితికి వచ్చేస్తే ఆ రైడు పర్లేదు. మర్నాడు ఎక్కువైతే దూరం సగం చెయ్యండి. కాల్లోకి లాగుతుంటే, తిమ్మిరుంటే రోడ్డెక్కకండి. మంచం ఎక్కి వారం పడుకోవడం మాత్రం పాతకాలం సలహా, ఒకటి రెండు రోజుల తర్వాత నడక మొదలుపెట్టినవాళ్లే త్వరగా కోలుకుంటారు. మళ్లీ పెంచేటప్పుడు వారానికి పది శాతం అనే రూలు చెప్తుంటారు, అదేమీ శిలాశాసనం కాదు, నాకు మొదటి వారం ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు, రెండో వారం ఋషికొండ, నాలుగో వారానికి తొట్లకొండ, ఇలా మైలురాళ్లు పెట్టుకుంటే తేలిగ్గా ఉంది. కైలాసగిరి ఎక్కడం అన్నింటికన్నా చివర.

ఏ వ్యాయామాలు చెయ్యాలి?

యూట్యూబ్‌లో వంద ఉన్నాయి, నేను చేసేవి ఐదే. మోకాళ్లు, చేతుల మీద ఉండి కుడిచెయ్యి, ఎడమకాలు చాపి పది సెకన్లు, మళ్లీ అటు, దీన్ని బర్డ్ డాగ్ అంటారు. పక్కకి తిరిగి మోచేతి మీద లేచే సైడ్ ప్లాంక్, చేతకానివాళ్లు మోకాళ్ల మీద మొదలెట్టొచ్చు. వెల్లకిలా పడుకుని పిర్రలు బిగించి నడుం లేపే బ్రిడ్జి, అలవాటయ్యాక ఒంటికాలితో. వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ గాల్లో పెట్టి ఎదురెదురు దించే డెడ్ బగ్, పేరు బాలేదు గానీ బాగా పనిచేస్తుంది. చివరిది మాపు కర్రతో: కర్రని వీపు వెంట నిలువుగా పట్టుకుని, అది తలకి, వీపుకి, పిర్రల పైభాగానికి మూడుచోట్లా తగులుతూ ఉండగా నడుం వంచకుండా తుంటి దగ్గర మాత్రమే వంగడం. సైకిల్ మీద వంగాల్సింది కూడా అలాగే, తుంటి దగ్గర, నడుం మధ్యలో కాదు. ఈ ఒక్క తేడా నాకు శరీరానికి ఎక్కడానికి మూడు నెలలు పట్టింది, మా ఆవిడ "ఆ కర్రతో ఇల్లు తుడిచినా పుణ్యం వచ్చేది" అనేది.

వారానికి మూడు నాలుగు రోజులు, ఇరవై నిమిషాలు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగకుండా చేస్తేగానీ తేడా తెలీదు, రెండో వారంలో మానేసేవాళ్లే ఎక్కువ. ఇంకో సంగతి, సైకిల్ తొక్కేటప్పుడు ఎముకల మీద మన బరువు పెద్దగా పడదు, అందుకే సైకిలొక్కటే నమ్ముకున్నవాళ్లకి ఎముకలు గట్టిపడవు. మెట్లెక్కడం, నడవడం, కాస్త బరువులెత్తడం కూడా ఉండాలి.

యోగా చేస్తే సరిపోతుందా?

2025 జూన్ 21న బీచ్ రోడ్డు మీద లక్షలమందితో యోగా డే చేసినప్పటినుంచి ఈ ప్రశ్న బాగా పెరిగింది. యోగా మంచిదే, భుజంగాసనం, సేతుబంధాసనం, మార్జాలాసనం ముందుకి వంగి వంగి ఉన్న సైక్లిస్టుకి విరుగుడులాంటివి. కానీ నడుం పట్టేసి ఉన్నప్పుడు పశ్చిమోత్తానాసనం వేసి కాలివేళ్లు పట్టుకోవాలని పంతం పట్టకండి, సైకిల్ మీద రెండు గంటలు చేసిందే అది. తుంటి పక్క నొప్పి ఉన్నవాళ్లు కాలు అడ్డంగా లాగే స్ట్రెచ్‌లు, కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం కొన్నాళ్లు మానండి, పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి.

ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చింది, సైకిల్ అమ్మేయాలా?

ఆగండి. బల్జ్ అంటే డిస్కు కొంచెం బయటికి ఉబ్బడం. నొప్పే లేనివాళ్లకి తీసిన స్కానింగులన్నీ కలిపి 2015లో లెక్క చూస్తే 20 ఏళ్లవాళ్లలో 30 శాతానికి, 40 ఏళ్లవాళ్లలో 50 శాతానికి బల్జ్ ఉంది. వాళ్లకి ఏ బాధా లేదు. జుట్టు నెరవడం లాంటిది అనుకోండి. నా రిపోర్టులో ఎల్4 ఎల్5, ఎల్5 ఎస్1 అని నడుం కిందిభాగంలో రెండు బల్జులు చూసి నేను రెండు రాత్రులు నిద్రపోలేదు, ఒక డాక్టరుగారు రిపోర్టు చూసి నన్ను చూడకుండానే "సైకిల్ ఆపేయండి" అన్నారు, ఇంకొకాయన నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు లేపి, బొటనవేలి బలం చూసి, "తొక్కండి, కానీ చెప్పినట్టు తొక్కండి" అన్నారు. మిమ్మల్ని ముట్టుకుని చూసిన డాక్టరు మాటకే ఎక్కువ విలువివ్వండి.

మందుబిళ్లలు, బెల్టు, కాపడం, ఇవన్నీ?

కాపడం హాయిగా ఉంటుంది, ఉప్పు మూటైనా వేడినీళ్ల బ్యాగైనా ఒకటే, చర్మం కాలకుండా చూసుకోండి. బెల్టు రెండు మూడు రోజులు ప్రయాణంలో పనికొస్తుంది, నెలలు పెట్టుకుంటే మన కండరాలకి పని ఉండదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం మీద తన్నించుకుంటే పోతుందని మా అమ్మమ్మ నన్ను వీధి చివరి పిల్లాడి ముందు పడుకోబెట్టింది ఒకసారి, వాడు సిగ్గుపడి మెల్లగా తన్నాడు, పోలేదు.

మందుబిళ్లల విషయం మాత్రం సరదా కాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొన్నిరోజులు డాక్టరు చెప్పి వాడితే సరే, కానీ రైడుకి ముందు ఒకటి వేసుకుని, ఈ ఉక్కలో లీటర్ల కొద్దీ చెమట కార్చి, నీళ్లు సరిగ్గా తాగకపోతే కిడ్నీల మీద దెబ్బ. కడుపులో పుండ్లు, బీపీ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. నొప్పి తెలీకుండా చేసుకుని తొక్కడం అంటే ఫ్యూజు తీసేసి కరెంటు వాడినట్టే.

ఎప్పుడు వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి?

సీటుకి ఆనే చోట, అంటే తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలీకపోయినా, మూత్రం రావడం ఆగిపోయినా లేక తెలీకుండా పడిపోతున్నా, రెండు కాళ్లలో బలం తగ్గినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి, రేపు చూద్దాం అనకూడదు. రైడు అయ్యాక సీటు నొక్కుడుకి కాసేపు తిమ్మిరెక్కడం వేరు, అది దిగాక కొద్ది నిమిషాల్లో పోతుంది, పదేపదే వస్తే సీటు మార్చాలి. పాదం పైకి లేవక చెప్పు ఈడుస్తున్నా, సైకిల్ మీదనుంచి పడ్డాక తుంటి మీద బరువు మోపలేకపోయినా అదే రోజు చూపించుకోండి. జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే కూడా ఆలస్యం వద్దు, మన దేశంలో వెన్నుకి టీబీ వస్తుంది, చాలామంది కండరాల నొప్పే అనుకుని నెలలు గడిపేస్తారు.

తుంటికి ఇంకోటి చెప్పాలి. ఏదైనా జబ్బుకి స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లు, మద్యం బాగా తాగేవాళ్లు, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నవాళ్లు గజ్జల్లో నొప్పి తేలిగ్గా తీసుకోకండి. తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే జబ్బు ఉంది, ఏవీఎన్ అంటారు, మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎమ్మారైలో కనబడుతుంది. మన ఏజెన్సీ ప్రాంతంలో సికిల్ సెల్ ఉంది కాబట్టి పాడేరు, అరకు వైపు కుర్రాళ్లకి ఇది గట్టిగా చెప్తాను. ప్రైవేటులో డబ్బులు ఎక్కువనుకునేవాళ్లకి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఆర్థో ఓపీ ఉంది, క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.

ప్రొఫెషనల్ బైక్ ఫిట్ చేయించుకోవాలా?

పైన చెప్పినవన్నీ సొంతంగా చేసుకుని రెండు నెలలు చూశాక కూడా అలాగే ఉంటే చేయించుకోండి. ముందు ఫిజియోకి చూపించుకుని తర్వాత ఫిట్‌కి వెళ్తే ఇంకా మంచిది, ఎందుకంటే సైకిల్‌ని ఒంటికి సరిపెట్టాలంటే ఒళ్లు ఎంతవరకు వంగుతుందో తెలియాలి కదా. ఫ్రేము సైజే తప్పయితే ఏ ఫిట్టరూ ఏమీ చెయ్యలేడు.

సైకిల్ దిగాక ఏం జాగ్రత్తలు?

రోజులో రెండు గంటలు సైకిలైతే మిగతా ఇరవై రెండు గంటలు ఏం చేస్తున్నామన్నది ఎవరూ అడగరు. ఋషికొండ ఐటీ హిల్స్‌లో పనిచేసే మావాళ్లు పొద్దున్న నలభై కిలోమీటర్లు తొక్కి, పదినుంచి ఏడు దాకా కుర్చీలో జారగిలబడి, సాయంత్రం మద్దిలపాలెం ట్రాఫిక్‌లో గతుకుల మీద బైకు నడిపి, ఇంటికెళ్లి సోఫాలో పడిపోతారు. అరగంటకోసారి లేవండి, ఫోను నిలబడి మాట్లాడండి. వెనక జేబులో పర్సు తీసేయండి, ఒకవైపు పిర్ర ఎత్తుగా కూర్చుని నడుం వంకర తిరుగుతుంది. గ్యాస్ సిలిండర్ జరపడం, బియ్యం బస్తా దించడం రైడు అయిన వెంటనే పెట్టుకోకండి, అలిసిపోయిన నడుం అప్పుడే మోసం చేస్తుంది.

అరకు ఘాట్, 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం లాంటివి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, తొందరపడకుండా. బీఆర్‌ఎం అంటే ఇచ్చిన టైములోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడు, అందులో 200కి పదమూడున్నర గంటల టైముంటుంది, అంటే ఆగి, దిగి, నడుం చాపుకుని వెళ్లడానికి బోలెడు వెసులుబాటు. అక్కడ స్పీడుగా వెళ్లేవాళ్ల కన్నా సరైన టైముకి దిగేవాళ్లే హాయిగా పూర్తి చేస్తారు. అరకు వేరే కథ, ఎస్.కోట దాటాక ఘాట్ మొదలైతే గంటల తరబడి సీటు మీద కూర్చుని తక్కువ స్పీడులో బలంగా తొక్కాలి, తేలిక గేర్లు లేని సైకిల్‌తో వెళ్తే నడుమే మొదట చేతులెత్తేస్తుంది. వెనక చక్రానికి ఉండే గేర్ల పళ్లచక్రాల సెట్టుని క్యాసెట్ అంటారు, అందులో పెద్దదానికి 32 పళ్లో 34 పళ్లో ఉన్నది వేసుకుని వెళ్లండి. నేను మొదటిసారి 25 పళ్లదానితో వెళ్లి, అనంతగిరికి ముందే దిగి తోసుకుంటూ నడిచాను, కాఫీ తోటలు మాత్రం తీరిగ్గా చూశాను.

మరి మీకు పూర్తిగా తగ్గిందా?

లేదు. ఏడాదికి ఒకసారి, రెండుసార్లు వస్తుంది. మొదట్లో వస్తే మూడు వారాలు కూర్చోబెట్టేది, ఇప్పుడు మూడు రోజులు. మొన్న సంక్రాంతికి ఊరెళ్లి భోగి మంటకి దుంగలు మోశాను, కనుమ నాటికి చొక్కా వేసుకోడానికి కూడా చెయ్యి లేవలేదు. రెండు రోజులు మెల్లగా నడిచాను, వైజాగ్ వచ్చిన మర్నాడు టేపు గుర్తు దగ్గరే సీటు ఉందో లేదో చూసుకుని తెన్నేటి పార్కు దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను. మావాళ్లు భీమిలి వెళ్లి ఉప్మా తిన్న ఫొటోలు పెట్టారు.